పండ్రెండేండ్లు దాటిన బిడ్డలు

పఠన భాగములు: లూకా 2:41–52, 1 సమూయేలు 3:1–18, 2 తిమోతి 1:3–7, అపొస్తలుల కార్యములు 15:36–41



మన గ్రామములలో ఏ గుడికి వెళ్లి చూచినను ఆదివారము ఉదయమున ఇంచుమించు ఒకటే తీరు కనబడును. ముందు చాపలమీద చిన్నపిల్లలు. వారి వెనుక ఒక ప్రక్క స్త్రీలు, ఒక ప్రక్క పురుషులు. పెద్దవారు గోడకు చేరగిలబడి యుందురు. మరి పండ్రెండు మొదలు పందొమ్మిది సంవత్సరముల ప్రాయమువారు ఎక్కడ? కొందరు హాస్టళ్లలో నున్నారు. కొందరు గుడి బయట వేపచెట్టు క్రింద మోటారు సైకిలుమీద కూర్చుండి, కడవరి కీర్తన వినబడగానే లోపలికి వచ్చి దీవెన అందుకొని పోవుదురు. ఆడపిల్లలు వచ్చినను తల్లుల వెనుక ముడుచుకొని కూర్చుందురు. వారిని ఎవరును ఏమియు అడుగరు.

ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి మెల్లగా దగ్గరకు వచ్చును. “అయ్యగారూ, మావాడు చిన్నప్పుడు సండే స్కూల్లో వచనాలన్నీ గడగడా అప్పజెప్పి బహుమానాలు తెచ్చుకునేవాడు. ఇప్పుడు గుడి మెట్టు ఎక్కనంటాడు. నేనేం తక్కువ చేశానండీ?” ఈ మాట వినబడని గ్రామము మాకు అరుదు. ఈ నెల పాఠము ఆ తల్లిని మనస్సులో ఉంచుకొని వ్రాయుచున్నాము.

మొదట లూకా సువార్త రెండవ అధ్యాయము తెరువుడి. ప్రభువు శిశువుగా ఉన్న దినములకును, ముప్పది యేండ్ల ప్రాయములో బోధింప నారంభించిన దినములకును నడుమ సువార్తలు మనకు చెప్పిన కథ ఇది యొక్కటే. అది పండ్రెండేండ్ల బాలుని కథ. దేవుడు ఈ ప్రాయమును లెక్కలేనిదిగా విడిచిపెట్టలేదని మనము గ్రహింపవలెను.

నజరేతునుండి యెరూషలేమునకు 100 కిలోమీటర్లకు పైబడిన దూరము. కాలినడకను నాలుగైదు దినములు పట్టును. మన వారు కన్వెన్షనుకు ట్రాక్టర్లమీద కుటుంబములు కుటుంబములుగా తరలినట్లు, వారును బంధువులతోను ఊరివారితోను గుంపుగా ప్రయాణము చేసెడివారు. యోసేపు మరియలు ఆ ప్రయాణమును ఏటేట మానక చేసిన భక్తిపరులు. అయినను తిరుగు ప్రయాణములో ఒక దినమంతయు నడచిన తరువాతగాని బిడ్డ తమతో లేడని వారికి తెలియలేదు. వాడు గుంపులో ఎక్కడనో ఉన్నాడని తలంచిరి. పండ్రెండేండ్ల పిల్లవాడు స్త్రీలతో నడచునంత చిన్నవాడు కాడు, పురుషులతో నడచునంత పెద్దవాడును కాడు. తండ్రి దగ్గర ఉన్నాడని తల్లి, తల్లి దగ్గర ఉన్నాడని తండ్రి అనుకొని యుండవచ్చును.

మన సంఘములలో జరుగుచున్నది సరిగా ఇదే. పిల్లవానికి భక్తి సంగతులు తల్లి చెప్పునులే అని తండ్రి అనుకొనును. సండే స్కూలు టీచరు చెప్పునులే అని తల్లి అనుకొనును. టీచరు, “వీడు పెద్దవాడయ్యాడు, ఇక అయ్యగారు చూచుకొందురు” అనును. అయ్యగారికి ఆరేడు గ్రామములు. ఆయన, ఇంటిలో తలిదండ్రులున్నారు గదా అనుకొనును. అందరును భక్తిగలవారే, ఎవరును అజాగ్రత్తగలవారు కారు. గుంపు సాగిపోవుచుండును, బిడ్డ మాత్రము అందులో లేడు.

యోసేపు మరియలు ఏమి చేసిరి? “దారి తెలిసినవాడే, వాడే వచ్చును” అని ముందుకు సాగలేదు. వెనుకకు తిరిగిరి. మూడవ దినమున ఆయనను దేవాలయములో చూచిరి. ఆయన బోధకుల మధ్య కూర్చుండి, వారి మాటలు వినుచు, వారిని ప్రశ్నలు అడుగుచుండెను. బాలుని ప్రజ్ఞను గూర్చి మనము అనేక ప్రసంగములు వింటిమి. ఆ బోధకులను గూర్చి ఎవరును చెప్పరు. గలిలయ పల్లెనుండి వచ్చిన పండ్రెండేండ్ల వడ్రంగివాని యింటి పిల్లవానిని వారు తమ మధ్య కూర్చుండనిచ్చిరి. అడుగనిచ్చిరి. ప్రత్యుత్తరము చెప్పనిచ్చిరి. మన గుడిలో ఒక పిల్లవాడు పెద్దల నడుమ కూర్చుండి నాలుగు ప్రశ్నలు అడిగినయెడల ఎంతసేపు సహింతుము?

వారి ప్రశ్నలు తేలికైనవి కావు. “అందరూ ఉపవాసముండి ప్రార్థన చేశారు గదా, మరి తాతయ్య ఎందుకు చనిపోయాడు?” “బడిలో భూమి పుట్టి కోట్ల యేండ్లయిందని చెప్పారు, ఆదికాండములో ఆరు దినములని ఉందేమి?” “శనివారం రాత్రి త్రాగి గలాటా చేసినాయన ఆదివారం కానుక పళ్లెం పట్టుకుంటాడేమి?” వీటన్నిటికంటె గట్టి ప్రశ్న ఒకటి కలదు. “క్రీస్తునందు అందరము ఒకటే అంటారు గదా, మరి పెండ్లి సంబంధం మాట వచ్చేసరికి మనవాళ్లేనా అని కులం ఎందుకు అడుగుతారు?” ఈ ప్రశ్న అడిగిన పిల్లను “నోరు మూసుకో” అని కసరుట సులభము. అయితే కసరినంతమాత్రమున ప్రశ్న చావదు. అది ఆ పిల్లతోకూడ కాలేజీకి పోవును, రాత్రివేళ సెల్ ఫోనులో జవాబు వెదకికొనును. అక్కడ జవాబు చెప్పువాడెవడో, ఎట్టివాడో మనకు తెలియదు.

జవాబు తెలిసినచో చెప్పవలెను. తెలియనిచో, “నాకు తెలియదమ్మా, కూర్చో, కలిసి చదువుదాం” అనుటలో తండ్రికి అవమానమేమియు లేదు. మరియకు కూడ తన కుమారుడు చెప్పిన జవాబు బోధపడలేదని లూకా దాచక వ్రాసియున్నాడు. ఆమె ఆ మాటలను హృదయములో భద్రము చేసికొనెను. బోధపడని మాటను పారవేయక ఉంచుకొనుట కూడ తల్లి చేయదగిన పనియే. బాలుడును వారితో ఇంటికి వెళ్లి వారికి లోబడియుండెనని అక్కడనే వ్రాయబడియున్నది. ప్రశ్న అడిగిన బిడ్డ చెడిపోయిన బిడ్డ అని తలంచువారు ఈ రెండు సంగతులను కలిపి చదువవలెను.

ఇప్పుడు షిలోహులోని మందిరమునకు పోవుదము. ఏలీ తన కుమారులైన హొఫ్నీ ఫీనెహాసులను అడ్డగింపలేదన్న సంగతి మనకందరికిని తెలిసినదే, దానిమీద ప్రసంగములకు కొదువ లేదు. అతడు చేసిన మంచి పనిని మనము మరచుచున్నాము. బాలుడైన సమూయేలు రాత్రివేళ స్వరము విని మూడు మారులు ముసలివాని యొద్దకు పరుగెత్తెను. రెండు మారులు ఏలీ, నేను పిలువలేదు, పోయి పండుకొనుమని పంపెను. మూడవ మారు అతనికి తోచినది: ఈ బిడ్డను పిలుచుచున్నవాడు దేవుడు. అప్పుడు ఏలీ, “సరే, దేవుని మాట ఏమిటో నేనే చెప్పెదను, కూర్చో” అనలేదు. ఎట్లు జవాబియ్యవలెనో నేర్పి, మరల పడక యొద్దకే పంపెను. యౌవనస్థుల నాయకుడు చేయదగినది ఇంతే. దేవునికి మారుగా తానే మాటలాడుట అతని పని కాదు. బిడ్డను దేవుని మాట వినుచోటికి పంపి, తాను ప్రక్కకు తొలగుటయే అతని పని.

ఉదయమున సంగతి మరి కఠినము. సమూయేలు విన్న మాట ఏలీ యింటికి విరోధమైనదే. బాలుడు చెప్పుటకు భయపడెను. ఏలీ పిలిచి, ఒక్క మాటయు దాచవద్దనెను. విని, ఆయన యెహోవా, తన దృష్టికి అనుకూలమైనట్లు చేయునని ఒప్పుకొనెను. తన యిల్లు దిద్దుకొనలేని ఆ వృద్ధుడు తనకు విరోధమైన మాటను ఒక పిల్లవాని నోట వినగలిగెను. మన పిల్లలు కులమును గూర్చియు, త్రాగుడును గూర్చియు, సంఘ ఎన్నికలలో జగడములను గూర్చియు అడుగు ప్రశ్నలలో కొన్ని అట్టివే. పెద్దలు కోపపడక ముందు ఆ అధ్యాయమును మరల ఒకమారు చదువవలెనని మా మనవి.

ఇక తిమోతి యిల్లు. అతని తండ్రి గ్రీసుదేశస్థుడనియు, తల్లి విశ్వసించిన యూదురాలనియు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చెప్పుచున్నది. తండ్రి విశ్వసించినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. పౌలు కడపట వ్రాసిన పత్రికలో ఆ యింటి విశ్వాసమును జ్ఞాపకము చేసికొనునప్పుడు ఇద్దరు స్త్రీలనే పేర్కొనెను, అవ్వయైన లోయి, తల్లియైన యునీకే. మన సంఘములలో తల్లి బాప్తిస్మము పొంది, తండ్రి పొందని యిండ్లు ఎన్ని! తండ్రి పేరు సంఘపు పుస్తకములో ఉండి, తండ్రి మాత్రము మద్యము దుకాణము దగ్గర ఉండు యిండ్లు మరెన్ని! అట్టి యింటి తల్లి, “నా ఒక్కదానివల్ల ఏమవుతుంది” అని నిట్టూర్చుట మనము ఎరుగుదుము. లుస్త్రలోని ఆ యింటిలోనుండియే ఎఫెసు సంఘమును కాయదగిన యౌవనుడు లేచెను.

అవ్వను గూర్చి ఒక మాట. కూలి పనికి హైదరాబాదుకో, బొంబాయికో, గల్ఫు దేశములకో తలిదండ్రులు వలస పోగా, పిల్లలు అవ్వల చేతిలో పెరుగుచున్న గ్రామములు మనకు అనేకము. ఆ అవ్వలలో అనేకులకు చదువు రాదు. రాకపోయిన నేమి? రాత్రి దీపము దగ్గర మనుమరాలిని పిలిచి, “అమ్మా, నా కళ్లు కనబడవు, ఈ కీర్తన నువ్వు చదివిపెట్టు” అని అడుగవచ్చును. ఇందులో రెండు పనులు జరుగును. అవ్వ వాక్యము వినును. చదివిన పిల్ల తానే ఆ యింటికి పాఠకురాలగును. పదునైదేండ్ల పిల్లను కూర్చుండబెట్టి ఉపదేశము చేసినయెడల వినదుగాని, నీవలన నాకు ఈ మేలు కావలెనని అడిగినచో చేయును. కుటుంబ ప్రార్థనలో పెద్దవారే చదివి, పెద్దవారే ప్రార్థించి, పెద్దవారే ముగించుట మాకు అంతగా సమ్మతము కాదు.

తిమోతి యింటివంటి యిల్లు సంఘ చరిత్రలో మరియొకటి కలదు. ఉత్తర ఆఫ్రికాలో తగస్తె అను చిన్న పట్టణమున క్రీ.శ. 354లో అగస్టీను పుట్టెను. తల్లి మోనికా విశ్వాసురాలు. తండ్రి పత్రీసియసు జీవితపు కడపటి దినములవరకు అన్యుడుగానే యుండెను. కుమారుడు చదువునకు కార్తేజి నగరమునకు పోయి, అక్కడ మానీ అనువాని మతములో కలిసి, సుమారు తొమ్మిది సంవత్సరములు దానిలో నుండెను. మోనికా మొదట తన బల్లయొద్ద కుమారుని కూర్చుండనియ్యలేదు. తరువాత కలలో ధైర్యము పొంది, మరల చేర్చుకొనెను. ఒక బిషప్పుగారి యొద్దకు పోయి, “మా వానితో వాదించి మార్చుడి” అని బతిమాలెను. ఆయన ఒప్పుకొనలేదు. తానును చిన్నతనమున ఆ మతములోనే పెరిగి, ఎవరును వాదింపకుండగనే చదివి చదివి దాని వ్యర్థతను కనుగొంటినని చెప్పి, వానిని విడిచిపెట్టి ప్రార్థన మాత్రము చేయుమనెను. ఆమె ఇంకను ఏడ్చి వెంటబడగా, కొంచెము విసుగుతోనే, అంత కన్నీటి బిడ్డ నశింపడని చెప్పి పంపివేసెను.

ఆ బిషప్పుగారి పేరు కూడ మనకు తెలియరాలేదు. కాని మా దృష్టిలో ఆయన మంచి యౌవన సేవకుడు. మనలో కొందరికి దారి తప్పిన పిల్లవాడు కనబడగానే పట్టుకొని గంటసేపు బుద్ధి చెప్పు అలవాటు కలదు. వాదమునకు కాలము కానప్పుడు వాదింపకుండుట కూడ సేవయే. ఆ తరువాతను మోనికా అనేక సంవత్సరములు కనిపెట్టవలసి వచ్చెను. 383లో కుమారుడు ఆమెతో అబద్ధమాడి, రేవులో విడిచిపెట్టి, రాత్రివేళ ఓడయెక్కి రోమాకు పోయెను. అబద్ధమాడిన కుమారుని వెదకుచు ఆమె సముద్రము దాటి వచ్చెను. 387 ఈస్టరు పండుగనాడు మిలానులో అంబ్రోసు బిషప్పుచేత అగస్టీను బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరమే మోనికా ఒస్తియ రేవులో కన్ను మూసెను. బాప్తిస్మము నాటికి కుమారునికి ముప్పది రెండేండ్లు. పదునెనిమిదేండ్లకే మనవాడు గుడికి రాలేదని ఆశ విడుచు తల్లి ఈ లెక్క చూచుకొనవచ్చును.

అయితే కనిపెట్టుట అనగా ఊరకుండుట కాదు. మన పిల్లలలో అనేకులు అయిదవ తరగతినుండియే గురుకులములలోను హాస్టళ్లలోను చదువుచున్నారు. ఇంటికి వచ్చునది దసరాకు, సంక్రాంతికి, వేసవి సెలవులకు. ఆదివారము ఫోను చేయుటకు అనుమతి దొరికినప్పుడు, ఆ కొద్ది నిమిషములలో మనము అడుగునది ఏమి? “మార్కులెన్ని వచ్చాయి?” మొదట, “తిన్నావా నాయనా, ఆరోగ్యం బాగుందా, ఎవరైనా ఏమైనా అంటున్నారా?” అని అడుగుడి. తరువాత ఒక్క వాక్యము ప్రార్థన ఫోనులోనే చేయుడి. పొడవుగా వద్దు, వెనుక మరి పది మంది పిల్లలు నిలిచియుందురు.

మార్కుల మాట వచ్చినది గనుక దాచక చెప్పవలసినది ఒకటి కలదు. ఇంటరు ఫలితములు వెలువడు దినములలో మన రెండు తెలుగు రాష్ట్రములలోను పిల్లలు ప్రాణములు తీసికొనిన వార్తలు చదువుచున్నాము. వారిలో విశ్వాసుల బిడ్డలు ఉండరని అనుకొనరాదు. తలిదండ్రులు పిల్లలకు కోపము పుట్టింపరాదని ఎఫెసీయులకు వ్రాసిన పౌలు, కొలొస్సయులకు వ్రాయునప్పుడు దాని కారణమును కూడ చెప్పెను: వారి మనస్సు క్రుంగిపోవునని. ఎదురింటివారి పిల్లతో పోల్చుట, చుట్టముల యెదుట ఎగతాళి చేయుట, “నీమీద పెట్టిన డబ్బంతా నీళ్లపాలు” అనుట, ఇవన్నియు ఆ మాట క్రిందికి వచ్చును. ఫలితములు రాకముందే, “తప్పినా నువ్వు మా బిడ్డవే, సప్లిమెంటరీ ఉంది, ఇల్లు ఉంది” అని బిడ్డతో నోరు తెరచి చెప్పవలెను. మనస్సులో అనుకొన్నంతమాత్రమున చాలదు. బిడ్డ అన్నము మాని, నిద్ర మాని, చచ్చిపోవుదునను మాట ఆడినచో దానిని బెదిరింపుగా ఎంచక, ఒంటరిగా విడువక, వెంటనే వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడి. 14416 అను టెలి మానస్ నంబరునకు ఫోను చేసినచో తెలుగులో మాటలాడువారు దొరకుదురు, ఖర్చు లేదు. వైద్యుని యొద్దకు పోవుట విశ్వాస లోపము కాదు. లూకా వైద్యుడే గదా.

యౌవనస్థుల కూటములను నడిపించువారితో ఇప్పుడు మాటలాడుదుము. మన గ్రామములలో ఆ పని చేయువారు ఇరువది రెండు, ఇరువది మూడేండ్లవారు. ఒకరు డిగ్రీ చదువుచుందురు, మరియొకరు పగలు ఆటో తోలుకొందురు. జీతము లేదు. గుడి తాళపుచెవి కొరకు పెద్దల యింటి చుట్టు తిరుగవలెను. డోలకు మ్రోత ఎక్కువైనదని ఒకరు, మీటింగు ఆలస్యమైనదని ఒకరు సణుగుదురు. మొదటి నెల పదునైదు మంది వత్తురు, నాట్లు పడగానే అయిదుగురు, మిరప కోతలకు ఇద్దరు.

ఆ ఇద్దరి యెదుట కూర్చుండి బైబిలు తెరచు సహోదరుడా, బర్నబాను జ్ఞాపకము చేసికొనుము. మార్కు అను మారు పేరుగల యోహాను పంఫూలియలోని పెర్గేనుండి పనిని విడిచి యెరూషలేమునకు తిరిగి వెళ్లెను. ఎందుకు వెళ్లెనో లేఖనము చెప్పలేదు. దానిని ఊహించి ప్రసంగము చేయుట మాకు ఇష్టము లేదు. రెండవ ప్రయాణమునకు అతనిని వెంటబెట్టుకొని పోవలెనని బర్నబా, వద్దని పౌలు. తీవ్రమైన వాదము కలిగి, ఇద్దరు గొప్ప దైవజనులు వేరుపడిరి. పౌలు సీలతో సిరియ, కిలికియలకు పోయెను. బర్నబా ఆ ఒక్క యౌవనుని వెంటబెట్టుకొని కుప్రకు ఓడయెక్కెను. ఆ తరువాత బర్నబా ఏమి చేసెనో అపొస్తలుల కార్యములలో ఒక్క వచనమును లేదు. వార్తలలో లేని ఆ సంవత్సరముల ఫలము వేరొకచోట కనబడును. చెరసాలలో మరణమునకు ఎదురుచూచుచున్న పౌలు, 2 తిమోతి 4వ అధ్యాయములో, మార్కును వెంటబెట్టుకొని రమ్మని తిమోతిని కోరెను. అతడు తన సేవకు ప్రయోజనకరమైనవాడని కూడ చెప్పెను.

మన నేలలో కూడ ఇట్టి పని జరిగినది. వేదనాయకము సమూయేలు అజరయ్యగారు 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు ముందు, 1895 మొదలుకొని, ఆయన చేసిన పని వై.ఎమ్.సి.ఎ.లో యౌవనస్థుల మధ్య సేవ. అప్పటికి ఆయనకు ఇరువది యొక్క సంవత్సరములు, తెలుగు ఇంకను రాదు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పవలెను, ఎందుకనగా ఎవరును చెప్పుట లేదు. యౌవనస్థుల కూటము అనగా మగపిల్లల కూటమని అనేక గ్రామములలో స్థిరపడిపోయినది. రాత్రి ఎనిమిది గంటలకు కూటము పెట్టినయెడల ఏ తల్లి తన కూతురిని పంపును? పంపనందుకు ఆ తల్లిని తప్పుపట్టరాదు. వేళ మార్చవలెను. ఆదివారము మధ్యాహ్నము భోజనములైన తరువాత, వెలుగుండగనే, ఇద్దరు స్త్రీల సమక్షమున పెట్టవలెను. పదవ తరగతి అయినవెంటనే సంబంధములు వెదకు పెద్దలతో సంఘకాపరి స్వయముగా మాటలాడవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట చట్టవిరుద్ధమని చెప్పుటకు ఏ కాపరియు జంకరాదు.

దసరా సెలవులకు పిల్లలు ఇండ్లకు వచ్చిన మొదటి ఆదివారమును ప్రతి సంఘమును వారికి విడిచిపెట్టవలెనని మా కోరిక. పఠనములు రెండును వారే చదువుదురు గాక. కీర్తనలు వారే ఎన్నుకొందురు గాక. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని పాతవి రెండు, వారికి తెలిసిన క్రొత్తవి రెండు. కానుక వారే పట్టి, పెద్దల యెదుట వారే లెక్కించి, పుస్తకములో వారే వ్రాయుదురు గాక. ఆరాధన తరువాత వేపచెట్టు క్రింద చాపలు పరచి, కాపరియు ఇద్దరు పెద్దలును వారి మధ్య కూర్చుండి, ఒక గంటసేపు వారి ప్రశ్నలు వినవలెను. తప్పు చదివినచో ఆ దినము సరిదిద్దకుడి. సరిదిద్దుటకు సంక్రాంతి సెలవులు ఉన్నవి.